బంటురీతి కొలు‘వియ్య’వయ్యా, కొలు‘వీయ’వయ్యా?

పల్లవిప్రియ:
కర్ణాటక సంగీతాన్ని రాక్‌తో కలిపే అగం బ్యాండు లైవ్‌లో ‘స్వాన్స్ ఆఫ్ సరస్వతి’ ఎత్తుకుంటే జనం అందుకునేది త్యాగయ్య కీర్తన ‘బంటురీతి కొలు’ పల్లవినే. 2012 నాటి ‘ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్’ ఆల్బంలోని స్టూడియో రూపం సంగతి వేరు, లైవ్ సంగతి వేరు. లైవ్ రికార్డింగుల్లో ‘బంటురీతి కొలు’ దాకా స్పష్టంగానే ఉంటుంది. ఆ తర్వాతి అక్షరమే జారిపోతోంది. ఒకచోట ‘వియ్యవయ్య’, ఒకచోట ‘వీయవయ్య’, జనం పాడేచోట ఏకంగా ‘యీయవయ్య’. అచ్చు పుస్తకాల్లోనూ మొదటి రెండూ కనిపిస్తున్నాయి. త్యాగయ్య మాట ఏది? అర్థం కోసం కాదు, ఆ ఒక్క అక్షరం కోసమే అడుగుతున్నాను.

గురులఘువు:
మాత్రలు లెక్కపెట్టి తేల్చుదామంటే కుదరదు. ‘ఇయ్య’లో ద్విత్వానికి ముందున్న ‘ఇ’ గురువు, ‘య్య’ లఘువు. ‘ఈయ’లోనూ గురువు, లఘువు. రెండూ మూడేసి మాత్రలే. కాబట్టి చెవిని అడగాలి. ‘వియ్యవయ్య’ అంటే య్య–య్య అని జంట మోత వస్తుంది. ‘వీయవయ్య’లో అది సగమే. చరణంలో ‘రోమాంచ’ పక్కన ‘కంచుకము’ పెట్టి ంచ–ంచ మోగించిన మనిషి పల్లవిలో చేతికందిన మోతను వదులుకుంటాడా? నా ఓటు ఇయ్యకే.

మంద్రస్థాయి:
మోత సరే, గొంతు మాటేమిటి? ద్విత్వం మీద గమకం నిలవదు. ‘ఇయ్’ దగ్గర నాలుక అంగిలిని సమీపించి దారి ఇరుకు చేస్తుంది, అక్కడ స్వరం సాగదీస్తే ‘ఇయ్‌య్‌య్’ అని నలుగుతుంది. ‘ఈ’ మీదైతే ఎంతసేపైనా ఊగవచ్చు. ‘కొలు’ దగ్గర విరిచి మళ్ళీ ఎత్తుకునే మెట్టు (బాణీ) ఇది. ఎత్తుకున్న అక్షరం దీర్ఘమైతేనే సంగతులకు, అంటే ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే రూపాలకు, చోటుంటుంది. కచేరీలో ఒక్కొక్క సంగతి పెరిగేకొద్దీ ‘వియ్య’తో మొదలుపెట్టినవాళ్ళు కూడా మూడో సంగతికల్లా ‘వీయ’లోకి వచ్చేస్తారు, గమనించండి.

రాగమే మారింది కదా. ఈ కీర్తన రాగం హంసనాదం 60వ మేళం నీతిమతి జన్యం, పాత పద్ధతిలో ధైవతం ఉండేది. ఇప్పుడు స రి మ ప ని మాత్రమే పాడతాం. ఒక స్వరం మొత్తం రాలిపోయినా ఎవరూ అడగని పాటలో ఒక అచ్చు సాగిందంటే వింతేముంది.

గురులఘువు:
అది పాడేవాళ్ళ సౌకర్యం. రాసినవాడి పాఠానికి అది సాక్ష్యం కాదు.

మంద్రస్థాయి:
రాసినవాడే పాడినవాడు కూడానండీ. ఇది కాగితం మీద పుట్టిన పద్యం కాదు.

సౌండ్‌డెస్క్:
పల్లవిప్రియ గారు అడిగిన ‘యీయ’ గురించి. జనం నోట ‘వ’ పోవడానికి కారణం ఉచ్చారణ లోపం కాదు. వందల గొంతులు ఒకే క్షణంలో ‘వ’ పలకవు. ఒకరు 50 మిల్లీసెకన్లు ముందు, ఒకరు 50 వెనక. ‘వ’ బతికేదే అంతసేపు. అందరివీ కలిస్తే హల్లు అరిగిపోయి అచ్చులే మిగులుతాయి: ఉ–ఈ–అ–అ–అ. ఉ నుంచి ఈకి జారేటప్పుడు మధ్యలో ‘య’ ఉన్నట్టు చెవి తానే కల్పించుకుంటుంది. దానికి తోడు దూరం. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. 34 మీటర్ల వెనకున్నవారికి పాట 100 మిల్లీసెకన్లు ఆలస్యం. వాళ్ళు విన్నదాన్నిబట్టి పాడతారు, అది వేదికకు తిరిగి రావడానికి ఇంకో 100. గాయకుడు మైకు జనం వైపు తిప్పినప్పుడు రికార్డయ్యేది ఈ గుజ్జే.

గాయకుడి గొంతులోనే అక్షరం తెలియకపోతే అది మిక్సింగ్ సమస్య. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది. డిస్టార్షన్ పెట్టిన గిటారు సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. అగం గాయకుడు హరీశ్ శివరామకృష్ణన్ లాగా పాడే మనిషే వయొలిన్ కూడా వాయించే బృందంలో ఆ చోటుకు ఇంకో పోటీదారు. గొంతు ట్రాక్ పెంచితే ఫీడ్‌బ్యాక్ వస్తుంది తప్ప అక్షరం రాదు. చేయవలసింది గిటారును 3 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు మూడు డెసిబెల్స్ తగ్గించడం, గొంతుకు 100 హెర్ట్జ్ కింద కోత పెట్టడం, రివర్బ్‌కు 40 నుంచి 60 మిల్లీసెకన్ల ప్రీడిలే (ప్రతిధ్వని మొదలయ్యే ముందు విరామం) ఇవ్వడం. ప్రీడిలే లేకపోతే ‘లు’ తోక వచ్చి ‘వి’ మీద పడుతుంది. ఈ పాటలో నలిగే చోటు అదే.

పల్లవిప్రియ:
ఇంత వివరం ఊహించలేదు, సంతోషం. మరి రికార్డింగులో వియ్య/వీయ తేడా కొలవగలమా?

సౌండ్‌డెస్క్:
కొలవవచ్చు. ఫోనులో తీసిన వీడియో పనికిరాదు, అందులో ఆటోమేటిక్ గెయిన్ డ్రమ్ము పడ్డ ప్రతిసారీ గొంతును నొక్కేస్తుంది. మిక్సింగ్ డెస్కు నుంచి తీసిన రికార్డింగు కావాలి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ ముక్క కత్తిరించి, పౌనఃపున్యాలను పట్టీలుగా చూపే స్పెక్ట్రోగ్రామ్ తెరవండి. ‘ఈ’ అయితే కింది నుంచి రెండో పట్టీ 2000 హెర్ట్జ్ పైన చదునుగా సాగుతుంది. ‘ఇయ్య’ అయితే ‘ఇ’ పొట్టిగా ఉండి, ఆ తర్వాత పట్టీలు అలాగే ఉంటూనే శబ్దం బలం కొంచెం పడిపోతుంది. ఆ పల్లమే ద్విత్వం. ‘వ’ ఉందా లేదా అన్నది ఇంకా తేలిక. ఉంటే రెండో పట్టీ కింద ఉండి ఒక్కసారిగా లేస్తుంది, లేకపోతే మెల్లగా ఏటవాలుగా ఎక్కుతుంది. పరుగు తగ్గించి వినకండి, సాగదీసే సాఫ్ట్‌వేర్ హల్లులనే ముందు పాడుచేస్తుంది.

లిపికారుడు:
దానివల్ల గాయకుడు ఏం పాడాడో తెలుస్తుంది, త్యాగయ్య ఏం రాశాడో తెలియదు. శిష్యపరంపరలు మూడు: వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం. పాఠాంతరాలన్నీ వీటి మధ్యే నడుస్తాయి. వాలాజాపేట వారి ప్రతులు మధురై సౌరాష్ట్ర సభలో ఉన్నాయి. తెలుగు లిపి ప్రతి చూసేటప్పుడు చాలామంది గుడి, గుడిదీర్ఘం మీద దృష్టి పెడతారు. ఆ చిన్న మెలిక చేతిరాతలో మాయమవుతుంది, నమ్మరాదు. చూడవలసింది కింద య ఒత్తు ఉందా లేదా అని. ఒత్తు పక్కకు చాచుకుని ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా చెరగదు.

తమిళ లిపిని తప్పుపట్టే అలవాటు ఒకటుంది. ఈ అక్షరం విషయంలో దాన్ని అనలేం, తమిళంలో వియ్య, వీయ వేరువేరుగానే రాస్తారు. ఆ లిపి దెబ్బ తగిలేది ‘ంట’ దగ్గర. ణకారం తర్వాత ట రాస్తే అక్కడ డ అని చదువుతారు. ‘బంటు’ కాస్తా ‘బండు’, ‘తుంటవింటి’ కాస్తా ‘తుండవిండి’. పల్లవికీ అనుపల్లవికీ ఉన్న ప్రాసే ‘ంట’. రెండుచోట్లా ఒకేలా మారడంతో ప్రాస నిలుస్తుంది, పాడేవారికి అనుమానం రాదు, అర్థం మాత్రం పోతుంది.

సంధివిగ్రహం:
అందరూ ‘వి’ని పట్టుకున్నారు, ముందున్న ‘కొ’ను వదిలేశారు. ‘రీతి’ని ‘రీతిన్’ అని తీసుకుంటే అది ద్రుతప్రకృతికం, అంటే చివర నకారం వచ్చే మాట. వ్యాకరణ సూత్రం: ‘ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళములగు’. అప్పుడు ‘క’ కాస్తా ‘గ’ అయి ‘బంటురీతిఁ గొలువు’ కావాలి కదా! ‘కొలు’ అని అందరూ పాడుతున్నారంటే ‘బంటురీతి కొలువు’ అంతా ఒకే సమాసమన్నమాట: బంటుతనపు కొలువు. బంటులాగా కొలువు ఇయ్యి అని కాదు. అడుగుతున్నది ఉద్యోగం, పద్ధతి కాదు.

ఇక ‘కొలువు + ఇయ్యవయ్య’ ఉత్వసంధి. ‘కొలు’ దగ్గర విరవడం మెట్టు అవసరం. పాట పేరే ‘బంటురీతి కొలు’ అని స్థిరపడటంతో ‘కొలు’ పూర్తి మాట అనుకునేవాళ్ళు తయారయ్యారు. అప్పుడు మిగిలిన ‘వియ్యవయ్య’ దిక్కులేనిదై పోతుంది. అది ‘యీయవయ్య’గా మారడానికి ఇదే మూలమని నా సిద్ధాంతం. జనం సంధి విప్పుకుంటున్నారు, వకారం కొలువుతో పోయింది.

గురులఘువు:
సిద్ధాంతం బాగుంది. కానీ సరళాదేశం వాదన త్యాగయ్య దగ్గర నిలబడదు. ‘ఎందరో మహానుభావులు అందరికి’ అన్నప్పుడు ఉత్వసంధి చేయలేదు, ‘మహానుభావులందరికి’ అనలేదు. విరుపు ఉన్నచోట విసంధిని ఒప్పుకునే వాగ్గేయకారుడు ‘రీతి’ తర్వాత సరళాదేశం పాటించలేదని సమాసం చేసేస్తామా? చిన్నయసూరిగారి సూత్రం కంటే ఆయన నోటి తెలుగు ముందు పుట్టింది.

లిపికారుడు:
అసలు తగాదా అక్షరం చరణంలో ఉంది. ‘రామనామమనే వరఖడ్గమివి రాజిల్లునయ్య’. కొన్ని పుస్తకాల్లో ‘ఖడ్గము విరాజిల్లునయ్య’. మి, ము. ఒక్క అచ్చు.

సంధివిగ్రహం:
‘ఇవి’ ఉండి తీరాలి. ఘనకంచుకము, ముద్రబిళ్ళ, వరఖడ్గము. మూడూ చెప్పి ‘ఇవి’ అని కూడగట్టాడు. ‘విరాజిల్లు’ అంటే ఖడ్గం ఒక్కటే మెరుస్తుంది, కోటూ బిళ్ళా ఏమైనట్టు?

గురులఘువు:
ఇంకో బలమైన కారణం చూడండి. పాదాలు రోమాంచ, రామభక్తు, రామనామ అని రేఫతో మొదలవుతున్నాయి. నాలుగోది ‘రాజిల్లు’ అయితేనే వరస కుదురుతుంది. ‘విరాజిల్లు’ అంటే పాదం ‘వి’తో మొదలై తెగిపోతుంది. తాళం గీత ‘ఖడ్గమి | వి’ మధ్య పడేలా అచ్చువేసిన పుస్తకాలే ఈ గందరగోళానికి కారణం. స్వరలిపి గీతను పదవిభాగం అనుకున్నారు.

పల్లవిప్రియ:
ముద్రబిళ్ళ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను, అది బిళ్ళబంట్రోతు బిళ్ళేనా?

లిపికారుడు:
అదే. కొలువులో ఉన్నాడని చూపే గుర్తు. పల్లవిలో బంటు, చరణంలో బిళ్ళ. రోమాంచం కంచుకం కావడం సంస్కృత కవులకు పాత రూపకమే. దాని పక్కన ఈ బిళ్ళను పెట్టడం మాత్రం అచ్చంగా త్యాగయ్యది. ఈ చరణంలో నాకు ప్రాణం ఆ మాటే.

మంద్రస్థాయి:
బంటు భక్తిలో రామదాసు గోపన్నను మించినవాడు లేడు. బ్యాండ్లు ముట్టుకోవలసిన పద్యం దాశరథీ శతకంలో ఉంది:

రెండవ సాటి దైవమిఁక లేడనుచున్ గడగట్టి భేరికా
డాండ డడాండ డాండ నినదంబు లజాండము నిండ...

డ్రమ్ముల డబుల్ కిక్ కోసమే రాసినట్టు లేదూ!

గురులఘువు:
ఉత్సాహం అర్థమైంది కానీ పాఠం ‘దాండద దాండ దాండ’. ఉత్పలమాలలో యతి పదో అక్షరం. లెక్కపెట్టండి: దాం డ ద దాం డ దాం డ ని న దం. పదోది ‘దం’. ‘దాం’కు ‘దం’ సరిపోయింది. మీరు ‘డాం’తో మొదలుపెడితే వర్గయతిలో డకారానికి దకారం చెల్లదు. ప్రాస ‘ండ’కు రెండు పాఠాల్లోనూ ఢోకా లేదు, అందుకే తేడా చాలామందికి తట్టదు.

మంద్రస్థాయి:
యతి ముందు తల వంచుతాను, భేరి ముందు కూడా వంచాలి. తోలు మీద కర్ర పడితే ‘డాం’ అంటుంది, ‘దాం’ అనదు. నోటి పాఠం డకారం వైపు పోయింది అందుకే.

సౌండ్‌డెస్క్:
అది దేంతో కొట్టామన్నదాన్నిబట్టి ఉంటుంది. గట్టి చెక్క పుల్ల అంచు దగ్గర పడితే పై పౌనఃపున్యాలు ముందుకొస్తాయి, ‘ట’, ‘డ’ల కరుకు వినిపిస్తుంది. గుడ్డ చుట్టిన కర్రతో మధ్యలో కొడితే మెత్తని ‘దం’. ఆ పద్యం చివర వచ్చే ఏనుగు మీది పెద్ద భేరికి రెండోదే దగ్గర. డకారంలో మూడో పట్టీ కిందికి వంగుతుంది, దకారంలో వంగదు. లైవ్‌లో గిటార్లు ఆ పట్టీని కప్పేస్తాయి కాబట్టి ఏది పాడినా వెనక వరసలకు ఒకటే.

గురులఘువు:
వెనక వరసలకు ఒకటే అయినా ముందు వరసలవారి కోసం దకారం పాడాలి.

పల్లవిప్రియ:
వియ్య, వీయ...

సంధివిగ్రహం:
దానికంటే ముందు అనుపల్లవి చివరి ‘నిజ’ సంగతి తేలాలి. ‘నేల గూలజేయు నిజ’ అని ఆగిపోదు, అది తిరిగి పల్లవికి వెళ్ళి ‘నిజ బంటురీతి’ అవుతుంది. ఏ బ్యాండైనా సరే, అనుపల్లవి కాగానే గిటారు సోలోకి పోతే ‘నిజ’ గాలిలో వేలాడుతుంది. సోలోను పల్లవి తర్వాతకు జరిపితే చాలు, ఒక్క ఆవర్తనం కూడా పెరగదు.

లిపికారుడు:
అనుపల్లవిలోనే ‘తుంటవింటివాని మొదలైన మదాదుల’ కూడా చూడండి. ‘మొదలైన’ అన్నాక మళ్ళీ ‘ఆదుల’ ఎందుకని కొందరు దిద్దబోతారు, దిద్దకూడదు. తుంటవింటివాడు చెరకువిల్లు మన్మథుడు, అంటే కామం, అరిషడ్వర్గంలోని ఆరుగురిలో మొదటివాడు. మదం వరసలో ఐదోది. మొదటివాణ్ణి పేరు పెట్టి చెప్పి, మిగతావాళ్ళను మదం ముందు పెట్టుకుని ఒక గుంపుగా పట్టాడు.

గురులఘువు:
క్రోధం, లోభం, మోహం మూడూ దాటి మదాన్నే ఎందుకు ముందు పెట్టాడు? అక్కడ ‘మ–మ’ మోత కోసం. మొదలైన, మదాదుల. నేను ‘వియ్యవయ్య’ అంటున్నదీ ఆ చెవినిబట్టే.

మంద్రస్థాయి:
ఒప్పుకోను. ‘మ–మ’ మీద సంగతులు లేవు, ‘వీయ’ మీద ఉన్నాయి.