అండమాన్‌కి అడ్డాకు ప్లేట్లు పంపాలి, ప్లాస్టిక్ కవరు లేకుండా ఎలా?

పాతపట్నం_విస్తరి:
అందరికీ నమస్కారం. మేం ఆరుగురం డ్వాక్రా ఆడవాళ్ళం కలిసి ఒక గదిలో రెండు ప్రెస్ మిషన్లు పెట్టుకుని అడ్డాకుతో, అంటే కొండల్లో పెరిగే అడ్డ తీగ ఆకుతో, విస్తళ్ళు, ప్లేట్లు, డొప్పలు చేస్తాం. మా ఆడపడుచు వాళ్ళు ముప్పై ఏళ్ళ కిందట పోర్ట్ బ్లెయిర్, అదే ఇప్పటి శ్రీ విజయపురం, వెళ్ళి అక్కడే ఉండిపోయారు. మన శ్రీకాకుళం జిల్లాలో ఎవరింట్లో అడిగినా అక్కడో చుట్టం ఉంటాడు కదా. వాళ్ళబ్బాయి నలుగురితో చిన్న కంపెనీ పెట్టి స్వరాజ్ ద్వీప్‌లో, అదే పాత హేవ్‌లాక్‌లో, హోటళ్ళకి సామాన్లు వేస్తుంటాడు. నెలకి 2,000 ప్లేట్లు కావాలన్నాడు. సంతోషించేలోపే ఒక కాగితం పంపాడు. ప్లేటులో ప్లాస్టిక్ పొర ఉండకూడదట, ప్యాకింగ్‌లోనూ ప్లాస్టిక్ ఉండకూడదట. పైగా ఆ ప్యాకింగ్ ఏదైనా సరే తిరుగు ఓడలో పంపేస్తాడట, మేం తీసుకోవాలట.

మొదటిది మాకు కొత్త కాదు. రెండోదాని దగ్గరే తల పట్టుకున్నాం. శాంపిల్‌గా 200 ప్లేట్లు గోనె సంచిలో కట్టి పంపితే, విశాఖలో ఓడ ఆలస్యమై, చేరేసరికి సగానికి బూజు. దూరం పంపిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

టెక్కలి_కిరాణా:
పొర లేని ప్లేట్లా? మా కొట్లో అవి అడిగేవాళ్ళే తక్కువమ్మా. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు బందు చేశారు కదా, అప్పటి నుంచి ఆకు ప్లేట్లకి గిరాకీ పెరిగింది. అయితే పప్పుచారు కారకూడదని ఆకుకీ అట్టకీ మధ్య పల్చటి కవరు వేసినవే ఎక్కువ వస్తున్నాయి. పైకి ఆకు, లోపల ప్లాస్టిక్. మూల చించితే తెలిసిపోతుంది, ఆకు చిరిగినా పొర సాగుతూ ఉంటుంది. మీ మేనల్లుడికి ఇది తెలిసే ఆ షరతు పెట్టి ఉంటాడు.

సీతంపేట_కొండగాలి:
బూజుకి కారణం గోనె సంచి కాదండీ. ప్రెస్ నుంచి తీసిన వెంటనే ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నారా? వేడి మీద పేరిస్తే లోపల చెమట పడుతుంది. పైన చూస్తే ఆరినట్టే ఉంటుంది, మధ్యలో తడి ఉండిపోతుంది. విడివిడిగా పరిచి చల్లారనివ్వండి, మర్నాడు ఎండలో పెట్టి, సాయంత్రం మంచు దిగకముందే కట్టెయ్యండి. వేపాకు వేయమని కొందరు చెబుతారు, అది పురుగుకి గానీ బూజుకి పనికిరాదు.

ఇంకో మాట. మా అమ్మా వాళ్ళు అడ్డాకు కోసి గిరిజన సహకార సంస్థ జీసీసీకి, షావుకార్లకి అమ్మేవాళ్ళు. అడ్డ తీగకి ముదురాకు ఏరుకుంటే మళ్ళీ చిగురేస్తుంది. తొందరలో ఉన్నవాళ్ళు తీగనే నరికి కింద పడేసి ఆకు దూసుకుంటారు. అలా చేస్తే మరుసటి ఏడు ఇంకా పై కొండకి నడవాలి. మీకు ఆర్డరు పెరిగితే ఆకు తెచ్చేవాళ్ళ మీద ఒత్తిడి పెరుగుతుంది. మీ మేనల్లుడి కాగితంలో ఓడ ఉంది, హోటలు ఉంది, మా కొండ లేదు. అది కూడా రాయించండి.

పొందూరు_మాస్టారు:
నాకొక సందేహం, కోపగించుకోకండి. వైజాగ్ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,200 కిలోమీటర్లు. అంత దూరం ఓడలో ఆకు మోసుకెళ్ళి, ఒక పూట తిని పారేయడం పర్యావరణ హితమా? స్టీలు కంచాలు కడుక్కుంటే సరిపోదా? పైగా అక్కడ వక్క తోటలు బోలెడు. వక్క పట్టతో ప్లేట్లు అక్కడే నొక్కుకోవచ్చు కదా.

దీవి_మేనల్లుడు:
అత్తా, లింకు పంపావు గనక నేనే చెబుతాను. మాస్టారూ, మీరడిగినవన్నీ మా హోటళ్ళ వాళ్ళూ అడిగారు. హోటల్లో స్టీలు, పింగాణీయే వాడతారు. ఈ ప్లేట్లు బీచ్ పార్టీలకి, పడవల్లో భోజనాలకి. ఎండాకాలంలో ఇక్కడ నీళ్ళకి కటకట. పోర్ట్ బ్లెయిర్ దాదాపు ధనికారి డ్యామ్ మీదే ఆధారపడుతుంది, అది అడుగంటితే కుళాయికి వంతులు పెడతారు. అప్పుడు 300 కంచాలు కడగమంటే ఎవరూ ఒప్పుకోరు.

వక్క పట్ట దొరుకుతుంది, నేనూ కొంటాను. కానీ మే నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక వాన ఉంటుంది, పట్ట ఆరదు. మిషన్‌తో ఆరబెడదామంటే ఇక్కడి కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లది, ఆ డీజిల్ కూడా ఓడలోనే రావాలి. అందుకని ఎండ ఉన్న నాలుగు నెలలు ఇక్కడివి, మిగతా నెలలు అత్త దగ్గరవి. ప్లేట్లున్నా లేకున్నా ఓడ ఎలాగూ వస్తుంది.

ప్యాకింగ్ వెనక్కి ఎందుకంటే, దీవికి వచ్చిన చెత్తకి వేరే ఊరు లేదు. ఆకు ప్లేటయితే గోతిలో వేసి మట్టి కప్పుతాం, కొబ్బరి చెట్టు తినేస్తుంది. కవరుని ఏ చెట్టూ తినదు.

పొందూరు_మాస్టారు:
నీళ్ళ సంగతి నాకు తట్టలేదు బాబూ. ఒప్పుకున్నా. ఓడ ఎలాగూ వస్తుందన్న మాట మాత్రం ఇంకా మింగుడు పడటం లేదు. ప్రతివాడూ అదే అంటే ఓడ నిండదూ?

పలాస_పప్పు:
అమ్మా, గోనె వదిలెయ్యండి. మా జీడిపప్పు ఇప్పుడంటే గాలి తీసిన కవర్లలో పోతోంది గానీ, ఒకప్పుడు అంతా రేకు టిన్నుల్లోనే. 25 పౌన్ల లెక్క, అంటే 11.34 కిలోలు. పలాసలో పాత టిన్నులు ఇప్పటికీ దొరుకుతాయి. ఖాళీ నూనె టిన్నయినా పరవాలేదు, కడిగి ఎండలో పెట్టాలి. అడుగు సుమారు 9 అంగుళాల చదరం, కాబట్టి 8 అంగుళాల ప్లేట్లు చక్కగా దిగుతాయి. భోజనం విస్తళ్ళు మాత్రం పట్టవు. మూత చుట్టూ మైనం రాస్తే సముద్రపు గాలి కూడా దూరదు. లోపల న్యూస్ పేపరు వెయ్యకండి, సిరా ప్లేటుకి అంటుకుంటుంది. గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితం వెయ్యండి.

మా జీడి ఫ్యాక్టరీల పొగ గురించి ఎవరైనా అడుగుతారేమో అని ముందే చెబుతున్నా, అది ఇంకో చర్చ.

కవిటి_కొబ్బరి:
కాగితం మీద సంతకం పెట్టేముందు నా కథ వినండి. మాకు చిన్న కొబ్బరి పీచు యూనిట్ ఉండేది. 2018లో ఒక పెద్ద కొనుగోలుదారుతో ఏడాది పొడుగునా తాళ్ళు ఇస్తామని రాసుకున్నాం. అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. మా ఉద్దానం తోటల్లో కొబ్బరి చెట్లు ఎలా పడ్డాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నాటు కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఆరేడేళ్ళు. వాళ్ళు మాత్రం సరుకు ఆలస్యమైందని బాకీలోంచి కోత కోశారు. ఆ కాగితంలో తుఫాను అనే మాటే లేదు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలకి సడలింపు రాయించుకోండి. బంధువే కదా అని వదిలెయ్యకండి, బంధువుతోనే ముందు రాసుకోవాలి.

పాతపట్నం_విస్తరి:
అందరికీ పేరుపేరునా థ్యాంక్స్. కవిటి అన్నయ్య మాట రాయించాం. సీతంపేట వాళ్ళు చెప్పినట్టు తీగ నరికిన ఆకు కొనం అని కూడా రాయించాం. కోసిన ఆకుని చూసి ఎలా కోశారో చెప్పలేం గనక, తెలిసిన నాలుగు ఇళ్ళ దగ్గరే తీసుకుంటున్నాం. కొంచెం ఎక్కువ ఇవ్వాల్సి వస్తోంది. ఖాళీ టిన్నుల తిరుగు కిరాయి మేనల్లుడే పెట్టుకుంటానన్నాడు.

పాతపట్నం_విస్తరి (మూడు నెలల తర్వాత):
ఎవరైనా అడుగుతారని రాస్తున్నా. ఒక్కో టిన్నులో 110 ప్లేట్లు పట్టాయి, అంటే నెలకి 19 టిన్నులు. రెండుసార్లు పంపాం. మొదటిసారి ఒక్క టిన్నులో పై వరస నాలుగైదు ప్లేట్లకి మచ్చలు వచ్చాయి, మైనం సరిగ్గా రాయలేదు. రెండోసారి అదీ లేదు.

ఖాళీ టిన్నులు మొన్న వెనక్కి వచ్చాయి. కానీ అన్నీ ఖాళీగా లేవు. ఉత్తి చేతులతో పంపడం ఎందుకని మా వదిన ఏడు టిన్నుల నిండా ఎండు చేపలు కుక్కి పంపింది. చేపలు మాత్రం బ్రహ్మాండం, వీధంతా పంచాం. టిన్నులు మూడుసార్లు కడిగినా వాసన పోవడం లేదు. వచ్చే ఓడకి ప్లేట్లు కట్టాలి. ఏం చెయ్యమంటారు?

పలాస_పప్పు:
చింతపండు గుజ్జు పట్టించి ఒక రాత్రి ఉంచండి, పొద్దున్నే వేడి నీళ్ళతో కడిగి రెండు రోజులు ఎండలో బోర్లించండి. అప్పటికీ పోకపోతే ఆ ఏడింటినీ చేపల కోసమే కేటాయించెయ్యండి.

దీవి_మేనల్లుడు:
అత్తా, అమ్మకి నేను చెప్పానే. వినదు.