జేమ్స్ బ్లేక్ పాటల్లో విషాదం గొంతుదా, యంత్రానిదా?

మంద్రం:
బ్రిటిష్ గాయకుడు, నిర్మాత జేమ్స్ బ్లేక్ 2011లో తెచ్చిన మొదటి ఆల్బమ్ గురించి ఎక్కువమంది చెప్పే మాట ఒకటే: గొంతు బాగుంది, మిగతాదంతా హంగు. నేను ఒప్పుకోను. కెనడా గాయని ఫీస్ట్ పాడిన ‘లిమిట్ టు యువర్ లవ్’ను బ్లేక్ మళ్లీ పాడినప్పుడు పియానో, గొంతు వినిపిస్తాయి. తర్వాత అంతా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం కిందనుంచి సబ్ బాస్, అంటే చెవికన్నా ఒంటికి తెలిసే అతి లోతైన శబ్దం, వణుకుతూ లేస్తుంది. గుండె పట్టేసేది అక్కడే.

శ్రుతిపెట్టె:
సబ్ బాస్ తీసేసినా ఆ పాట నిలబడుతుందండీ. ‘ది విల్‌హెల్మ్ స్క్రీమ్’ చూడండి. బ్లేక్ వాళ్ల నాన్న జేమ్స్ లిదర్‌ల్యాండ్ పాట దానికి ఆధారం. ఉన్నవి కొన్ని పంక్తులే, వాటినే తిప్పి తిప్పి పాడతాడు. అంత తక్కువ సరుకుతో పాటను నడిపేది గొంతు కాక మరేమిటి?

మంద్రం:
మీ ఉదాహరణే నా వాదన. పంక్తులు మారవు, వాటి చుట్టూ ఉన్నది మారుతుంది. సింథ్ (ఎలక్ట్రానిక్ వాద్యం) పొరలు లేచి గొంతును కమ్మేస్తాయి. మునిగిపోతున్న మనిషి మాటలా వినిపించేది అందుకే.

ఫేడర్:
ఇద్దరూ ముందు ఏ స్పీకర్‌లో వింటున్నారో చెప్పండి. ఫోన్ స్పీకర్ సబ్ బాస్ ఉండే 50 హెర్ట్జ్ దగ్గర దాదాపు ఏమీ పలకదు. ఇయర్‌బడ్ చెవిలో సరిగ్గా కూర్చోకపోయినా బాస్ జారిపోతుంది. అలా వింటే శ్రుతిపెట్టె గారి మాటే నిజమనిపిస్తుంది.

ఇలాంటి పాట చేసేవాళ్లు పొరబడేది రివర్బ్ (గొంతుకు చేర్చే ప్రతిధ్వని) దగ్గర. దాని తోక, అంటే ప్రతిధ్వని సాగే సమయం, 3, 4 సెకన్లు పెట్టొచ్చు. కానీ ప్రీ-డిలే (గొంతుకూ ప్రతిధ్వనికీ మధ్య విరామం) 40 మిల్లీసెకన్లయినా లేకపోతే హల్లులు అలుక్కుపోతాయి. రివర్బ్ రిటర్న్‌లో, అంటే తిరిగొచ్చే ప్రతిధ్వనిలో, 250 హెర్ట్జ్ కింద కోసేయాలి, లేదంటే అడుగంతా బురద. పాట ఆగే చోట తోకను కూడా కోయాలి, లేకపోతే అది నిశ్శబ్దం కాదు. చివర్లో లిమిటర్‌తో (పెద్ద శబ్దాలను అదుపు చేసే సాధనం) గట్టిగా నొక్కితే చిన్న శబ్దాలు పైకొచ్చి ఆ ఖాళీ పూడిపోతుంది.

శ్రుతిపెట్టె:
నిశ్శబ్దం విషయంలో ఒప్పుకుంటాను. మరి గొంతు శ్రుతిని యంత్రంతో సరిచేసే ఆటోట్యూన్ సంగతి?

ఫేడర్:
రీట్యూన్ స్పీడ్ (శ్రుతిని ఎంత త్వరగా సరిచేయాలో చెప్పే అంకె, 0 అంటే తక్షణం) 0 పెడితే స్వరం నుంచి స్వరానికి జారుడు పోయి మెట్లు పడతాయి. గమకానికి అలవాటుపడ్డ మన చెవికి అది వెంటనే తెలుస్తుంది. 25 దగ్గర జారుడు కొంత మిగులుతుంది. పాటంతా 0 పెడితే విసుగు. ఒక్క మాట దగ్గర పెడితే గొంతు విరిగినట్టుంటుంది.

శ్రుతిపెట్టె:
విరగడానికి ముందు నిండు గొంతు ఉండాలి కదా! ఇంకో మాట. ఈ సంగీతానికి ‘శాడ్ బాయ్’ (ఏడుపుగొట్టు కుర్రాడు) ముద్ర వేయడాన్ని బ్లేకే 2018లో బహిరంగంగా తప్పుపట్టాడు. మగవాడు మనసు విప్పి చెబితే దానికో లేబుల్ అంటించడం మంచిది కాదన్నాడు. అంతా యంత్రం మాయ అంటే, ఆ చెప్పే మనిషిని కూడా కొట్టిపారేసినట్టే.

మంద్రం:
కొట్టిపారేయడం లేదండీ. ‘ఐ నెవర్ లర్న్ట్ టు షేర్’లో ఒకే వాక్యం, దాని మీద మళ్లీ తన గొంతే, దాని మీద మళ్లీ. ఒంటరివాడికి తోడు పాడుతున్నది అతని గొంతే. లూప్ (రికార్డు చేసిన ముక్కను తిప్పి తిప్పి వినిపించడం) లేకుండా ఆ ఒంటరితనాన్ని ఒక్క గొంతుతో ఎలా వినిపిస్తారు?