ట్రోమ్సోలో ధ్రువకాంతులు: కేపీ సూచిక 2 ఉంటే ఆశ ఉందా?

ప్రశ్న:
ఫిబ్రవరిలో నాలుగు రాత్రులు నార్వేలోని ట్రోమ్సోలో ఉంటాము. యాప్ ఆ రోజులకు కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రపు అలజడిని 0 నుంచి 9 వరకు చెప్పే అంకె) 2 మాత్రమే చూపిస్తోంది. ధ్రువకాంతులు కనిపిస్తాయా? కెమెరాను ఎలా అమర్చుకోవాలో అనుభవజ్ఞులు తెలియజేయగలరు.

మొదటి సమాధానం:
తప్పక వెళ్ళండి. ట్రోమ్సో దాదాపు 69.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, కాంతివలయం (ధ్రువం చుట్టూ ఈ కాంతులు ఎక్కువగా కనిపించే పట్టీ) కిందనే ఉంది కాబట్టి 2 కూడా చాలుతుంది. కేపీ మూడేసి గంటలకు లెక్కగట్టే అంకె. నేనైతే సౌరపవనపు (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహపు) బీజెడ్ విలువనే, అంటే దాని అయస్కాంత క్షేత్రపు ఉత్తర-దక్షిణ దిశ భాగాన్నే చూస్తాను. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహాలు దానిని కొలుస్తాయి కనుక, అది రుణాత్మకంగా మారి కొంతసేపు నిలిచిందంటే, అరగంట నుంచి గంటలోపు ఆకాశం మేల్కొనే అవకాశం బాగా పెరుగుతుంది.

రెండవ సమాధానం:
అసలు శత్రువు మబ్బు. తీరం మూసుకుపోతే స్కీబోట్న్ లోయ వైపు, అవసరమైతే ఫిన్లాండ్ సరిహద్దు దాకా వెళ్ళాలి. ఆటోఫోకస్ ఆపేసి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కెమెరా తెర మీద పెద్దది చేసి, అది సూదిమొనంత చుక్క అయ్యే వరకు రింగు మెల్లగా తిప్పండి. లెన్స్ ద్వారం ఎఫ్ 2.8, కాంతి సున్నితత్వం ఐఎస్‌ఓ 1600, ఎక్స్‌పోజర్ సమయం 8 సెకన్లతో మొదలుపెట్టండి. కాంతి తెరలా వేగంగా ఊగుతుంటే 2 సెకన్లకు తగ్గించకపోతే మడతలన్నీ కలిసిపోయి పచ్చటి మరకే మిగులుతుంది. అదనపు బ్యాటరీలను లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోండి.

మూడవ సమాధానం:
కంటికి మొదట బూడిదరంగు మబ్బులాగే కనిపించవచ్చు. అనుమానం వస్తే ఒక ఫొటో తీసి చూడండి, పచ్చదనం తేలితే అదే. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా కెమెరాలు ఎర్రటి కాంతిని పట్టుకున్నాయి.