రెండు పెట్టెల డిటెక్టర్: కింద ఉంటే మౌనం, చేతికి తీసుకుంటే గోల

రాగితీగ:
మూడు నెలల ఆదివారాలన్నీ నేలలోని లోహాన్ని పసిగట్టే ఈ రెండు పెట్టెల మెటల్ డిటెక్టర్‌కే ధారపోశాను. 1.2 మీటర్ల పొడవైన నలుపలకల కర్ర. వెనక చివర ట్రాన్స్‌మిటర్ పెట్టె నిలువుగా, ముందు చివర రిసీవర్ పెట్టె నేలకు సమాంతరంగా. రెండింటిలోనూ 25 సెంటీమీటర్ల చదరపు కాయిళ్లు. గడియారాల్లో వాడే 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌ను నాలుగుతో భాగించి 8.192 కిలోహెర్ట్జ్ తీసుకున్నాను. ట్రాన్స్‌మిటర్ కాయిల్ సరిగ్గా 1 మిల్లీహెన్రీ వచ్చింది. అది ఆ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ కావాలంటే 377 నానోఫారడ్ల కెపాసిటర్ కావాలి; 330కి 47 కలిపితే అంతే! లెక్క ఇంత చక్కగా కుదిరిందని ఆ రోజు ఇంట్లో అందరికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక అసలు బాధ. రెండు ప్లాస్టిక్ కుర్చీల మీద పెట్టి రిసీవర్ పెట్టెను కొద్దికొద్దిగా వంచుతూ పోతే ఒకచోట శబ్దం పూర్తిగా ఆగుతుంది, అదే నల్. అప్పుడు 30 సెంటీమీటర్ల రేకు ముక్కను మీటరు దూరంలో ఆడించినా తెలుస్తోంది. పిడి పట్టుకుని లేపానా, ఒకటే గోల. తిరిగి కుర్చీల మీద పెడితే పాత నల్ దొరకదు. రిసీవర్‌లో సంకేతాన్ని పెంచే చిప్‌ను, అదే ఆప్‌ఆంప్‌ను, రెండుసార్లు మార్చాను. పైగా నాణేన్ని మూరెడు దూరంలో పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. నేను వెతుకుతున్నది మట్టిలో కూరుకుపోయిన నీటి పైపు వాల్వు మూత కోసం, నాణేల కోసం కాదు. అయినా అనుమానం వస్తోంది. లోపం సర్క్యూట్‌లో ఉందా, నేలలోనా, నాలోనా?

పాతరేడియో:
ఆ ఆప్‌ఆంప్‌ను వదిలేయండి, దాని తప్పేమీ లేదు. తప్పు వడ్రంగంలో ఉంది: పిడి పట్టి లేపితే కర్ర వంగుతోంది.

రెండు కాయిళ్లూ ఒకదానికొకటి లంబంగా ఉన్నాయి కాబట్టే రిసీవర్‌కు ఏమీ వినపడటం లేదు. పదోవంతు డిగ్రీ ఒరిగితే చాలు, సమాంతరంగా పెట్టినప్పుడు వచ్చే సంకేతంలో వెయ్యికి సుమారు 1.7 వంతులు లోపలికి వచ్చేస్తుంది. మీ రేకు ముక్క మీటరు లోతు నుంచి పంపేదీ ఉజ్జాయింపుగా అంతే. పదోవంతు డిగ్రీ అంటే మీ 25 సెంటీమీటర్ల పెట్టెకు ఒక అంచు అర మిల్లీమీటరు కన్నా తక్కువ లేవడం. ఆ అంచు కింద రెండు విజిటింగ్ కార్డులు దూర్చి చూడండి, నిధి దొరికినంత సంబరంగా మోగుతుంది.

లోతు పెరిగితే ఇంకా కష్టం. మీ కొలతలతో లెక్క వేస్తే, మీటరు నుంచి రెండు మీటర్లకు వెళ్లేసరికి సంకేతం ముప్పై రెట్లకు పైగా పడిపోతుంది. కర్ర వంపు మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి ఒంటి కర్ర తీసేసి, నాలుగు పలకలు జిగురుతో అతికించి బోలు పెట్టెలా కట్టండి. నల్ సరిచేసే మరను నైలాన్‌తో పెట్టి, సరిచేశాక బిగించేయండి. గెర్హార్డ్ ఫిషర్ 1937లో పేటెంటు పొందిన మెటలోస్కోప్ కూడా చెక్క పెట్టెలతో కట్టినదే, లోపల వాక్యూమ్ ట్యూబులతో. అంత బరువుతో ఆ నల్‌ను ఎలా నిలిపారో అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

నేలచూపు:
నాణెం సంగతి: అది లోపం కాదు, ఈ పద్ధతి గుణమే. సంకేతం వస్తువు సైజు ఘనంతో పెరుగుతుంది. 2.4 సెంటీమీటర్ల నాణెం మీ రేకులో పన్నెండున్నరో వంతు, అంటే సంకేతం దాదాపు రెండు వేలో వంతు. మేకులు, సీసా మూతలు వినపడకపోవడమే దీనితో సుఖం.

ఒక్క ప్రశ్న. బ్యాటరీ ఎక్కడ పెట్టారు?

కాయిల్‌పిచ్చి:
ఇంత తిప్పలెందుకు? మీటరు చదరం కాయిల్ చుట్టి, కరెంటును తునకలుగా పంపి ఆపాక ప్రతిస్పందన వినే పల్స్ ఇండక్షన్ డిటెక్టర్ కట్టుకోండి. నల్ గొడవే ఉండదు.

రాగితీగ:
కాయిల్‌పిచ్చి గారూ, అదీ కడతాను, కానీ దీనితో మాట్లాడించాకే.

నేలచూపు గారూ, మీ ప్రశ్న చదివి స్క్రూడ్రైవర్ తీసుకుని పరుగెత్తాను. ఎనిమిది సెల్లులు రిసీవర్ పెట్టెలోనే, కాయిల్ పక్కనే, ఒక రబ్బరు బ్యాండుతో. పెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లొడలొడమంటున్నాయి. సెల్లుల తొడుగు ఉక్కు. అంటే అడుగు వేసిన ప్రతిసారీ నేనే ఒక ఇనుప ముక్కను కాయిల్ పక్కన ఆడిస్తున్నాను! 1881లో గ్రాహం బెల్ అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా వెతుకుతుంటే మంచంలోని ఉక్కు స్ప్రింగులు అడ్డుపడ్డాయని చదివి నవ్వుకున్నవాణ్ణి నేను.

సెల్లులను మధ్యలోకి, పిడి కిందికి మార్చి కట్టేశాను. కర్ర బదులు బోలు పెట్టె చేశాను. ఇప్పుడు చేత్తో పట్టుకుని నడిస్తే చిన్న గుసగుస మాత్రమే. అర మీటరు లోతున పాతిపెట్టిన రేకు మీదుగా ఆరుసార్లు వెళ్తే ఆరుసార్లూ మోగింది. అయితే ఉదయం పెట్టిన నల్ మధ్యాహ్నం ఎండకు జారిపోతోంది.

పాతరేడియో:
పెట్టెను ఎంత వంచినా పోని సంకేతం కొంత మిగులుతుంది, అది వేరే ఫేజులో ఉంటుంది, అంటే దాని తరంగం కాస్త ముందో వెనకో నడుస్తుంది. దాన్ని మీ డిటెక్టర్ పట్టించుకోకూడదు. కానీ ఫేజు జరిగితే అదీ లోపలికి వస్తుంది. పాలీప్రొపిలీన్ కెపాసిటర్ విలువ వేడి ఒక డిగ్రీ పెరిగితే సుమారు మిలియన్‌లో 200 వంతులు తగ్గుతుంది, 15 డిగ్రీలకు 0.3 శాతం. కాయిల్ క్యూ (ట్యూనింగ్ ఎంత పదునుగా ఉందో చెప్పే అంకె) 20 అనుకుంటే ఫేజు కోణం మూడు డిగ్రీలకు పైగా జరుగుతుంది. కాయిల్, కెపాసిటర్ సరిగ్గా మీ ఫ్రీక్వెన్సీకే ట్యూన్ అయి రెసొనెన్స్ మీద కూర్చుంటే ఈ జారుడు అత్యధికం. చెప్పడానికి బాధగానే ఉంది, మీరు మురిసిపోయిన ఆ లెక్కే కొంప ముంచింది. కాస్త పక్కకు జరపండి. కుదిరితే ఫేజును పోల్చి చూసే రెఫరెన్సును క్రిస్టల్ నుంచి కాక కాయిల్‌లో పారే కరెంటు నుంచే తీసుకోండి.

రాగితీగ:
47 నానోఫారడ్ల కెపాసిటర్‌ను ఊడదీశాను. శక్తి కొంత తగ్గింది, కానీ మధ్యాహ్నం రెండు గంటలకు కూడా నల్ కదలలేదు. రెఫరెన్సు సంగతి వచ్చే ఆదివారం. ఈసారి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.