ఇర్వింగ్‌లో పదకొండు నెలల పాపకు డేకేర్: ఏం చూసి ఎంచుకోవాలి?

ప్రశ్న (టెక్సస్‌లోని ఇర్వింగ్ నుంచి, కొత్త సభ్యురాలు)

అక్కలకు, అన్నలకు నమస్కారం. మేము ఈమధ్యనే హైదరాబాదు నుంచి వచ్చాము. మావారిది ఎల్-1 వీసా (కంపెనీ బదిలీ మీద వచ్చేది), నాది ఎల్-2 (వారి భార్యగా వచ్చింది). నాకు ఉద్యోగం ఖాయమైంది, మూడు నెలల్లో చేరాలి. అప్పటికి మా పాపకు పదకొండు నెలలు నిండుతాయి. అమ్మ గానీ అత్తయ్యగారు గానీ వచ్చినా ఆరు నెలలకు మించి ఉండలేరు. డేకేర్లు చూడడం మొదలుపెడితే ఒకరు కెమెరాల గురించి, ఒకరు కరిక్యులం గురించి చెబుతున్నారు. మా అపార్ట్‌మెంట్లలోనే ఒక తెలుగు ఆవిడ సగం ఖర్చుకు చూసుకుంటానంటున్నారు. ఇంత చిన్నపిల్లను వదిలి వెళ్తే దాని మనసు మీద ఏం ప్రభావం పడుతుందోనన్న బెంగ వీటన్నిటికంటే పెద్దది. పరిశోధనలు ఏం తేల్చాయో, ఇక్కడి పద్ధతి ఏమిటో తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు (ప్లేనో నుంచి ఒక సభ్యురాలు)

అమ్మా, నేను పిల్లల పెంపకం, వికాసం మీద చదువుకుని ఈ చుట్టుపక్కల డేకేర్లలో కొన్నేళ్ళు పనిచేశాను. మీ బెంగ మాటే ముందు తీసుకుంటాను, ఎందుకంటే అది తీరకుండా మిగతావి ఎన్ని చెప్పినా మీకు ఎక్కవు.

ఈ విషయం మీద అమెరికాలో జరిగిన అతి విస్తృతమైన అధ్యయనాల్లో ఒకదాన్ని ఎన్‌ఐసీహెచ్‌డీ అనే కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య సంస్థ 1991లో మొదలుపెట్టింది. దేశంలో పది చోట్ల అప్పుడే పుట్టిన 1,364 మంది పిల్లలను ఎంచుకుని, వాళ్ళు ఎవరి సంరక్షణలో ఉంటున్నారో, వారానికి ఎన్ని గంటలు ఉంటున్నారో, అక్కడివాళ్ళు వాళ్ళతో ఎలా మసలుతున్నారో స్వయంగా వెళ్ళి చూస్తూ, పదిహేనేళ్ళ వయసు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. తల్లి దగ్గరే పెరిగినంత మాత్రాన గానీ, డేకేర్‌కు వెళ్ళినంత మాత్రాన గానీ పిల్లల ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదని అందులో తేలింది. తల్లికి బిడ్డ పట్ల ఉన్న స్పందన, ఇంటి వాతావరణం, తల్లిదండ్రుల చదువు, ఆదాయం వంటివే అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపాయి. సంరక్షణ బాగున్నచోట పిల్లల భాష, గ్రహణశక్తి కొంచెం మెరుగ్గా ఉన్నాయి. ఎక్కువ గంటలు గడిపిన పిల్లల్లో మొండితనం, తగవులాటలు కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఈ తేడాలు చిన్నవే, పైగా ఇవి ప్రయోగం చేసి కాక గమనించి చెప్పినవి గనక కారణం డేకేరేనని ఖాయంగా అనలేము. అయినా మీకు పనికివచ్చే సంగతి ఇందులో ఒకటుంది. మీరూ మీవారూ ఆఫీసు వేళలు కాస్త అటూ ఇటూ జరుపుకుని, ఒకరు దింపి ఒకరు తెచ్చుకుంటూ, పాప అక్కడ పది గంటలకు బదులు ఎనిమిది గంటలే ఉండేలా చూసుకోగలిగితే అది చేయదగ్గ పనే.

ఇక్కడే ఇంకో మాట. డేకేర్లవాళ్ళు చేతిలో పెట్టే కరపత్రాల్లో, చిన్నప్పటి చదువు మీద పెట్టిన ప్రతి డాలరూ ఎన్నో రెట్లై తిరిగివస్తుందని చదువుతారు. ఆ లెక్కలకు మూలం ఎక్కువగా 1962లో మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటీలో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం. అందులో ఉన్నది 123 మంది నిరుపేద నల్లజాతి పిల్లలు. టీచర్లు ప్రతి వారం వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి తల్లులతో కలిసి పనిచేశారు. అది గొప్ప ప్రయోగమే గానీ, ఇంట్లో రోజంతా మాటలు, కథలు వినే మీ పాపకు ఆ ఫలితాలను అన్వయించి నెలకు నాలుగైదు వందల డాలర్లు ఎక్కువ అడిగితే ఒప్పుకోనవసరం లేదు.

ఇక నాణ్యత అంటే ఏమిటి? కొలిచి చూసినవాళ్ళు రెండు రకాలుగా కొలుస్తారు. బయటినుంచి లెక్కపెట్టగలిగేవి కొన్ని: ఒక టీచర్‌కు ఎంతమంది పిల్లలు, గదిలో మొత్తం ఎంతమంది, టీచర్ ఏం చదువుకున్నారు, ఎంతకాలంగా అక్కడ ఉన్నారు. కూర్చుని చూస్తేనే తెలిసేవి కొన్ని: బిడ్డ ఏడిస్తే ఎంతసేపట్లో పలుకుతారు, కళ్ళలోకి చూసి మాట్లాడతారా, బిడ్డ చేసే శబ్దాలకు జవాబిస్తారా. అసలు నాణ్యత రెండోదే, కానీ మొదటిది లేనిచోట రెండోది సాధారణంగా నిలవదు. ఎనిమిది మంది చంటిపిల్లలను ఒక్కరే చూసుకుంటుంటే, ఎంత మంచి మనసున్న మనిషైనా డైపర్లు మార్చి పాలు పట్టేసరికే రోజు గడిచిపోతుంది.

అందుకే టెక్సస్ నిబంధనలు మీరు తప్పక తెలుసుకోవాలి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం చంటిపిల్లలకైతే ముగ్గురికి ఒకరు, రెండేళ్ళవాళ్ళకైతే నలుగురికి ఒకరు ఉండాలని సూచిస్తుంది. టెక్సస్‌లో సెంటర్లకు చట్టం పెట్టిన హద్దు ఏడాది లోపు పిల్లలకు నలుగురికి ఒకరు, 12 నుంచి 17 నెలల వాళ్ళకు ఐదుగురికి ఒకరు, 18 నుంచి 23 నెలల వాళ్ళకు తొమ్మిది మందికి ఒకరు, రెండేళ్ళవాళ్ళకు పదకొండు మందికి ఒకరు. ఈ అంకెలను మీ పాప వయసు పక్కన పెట్టి చూడండి. చేరేటప్పుడు మీకు చూపించే గదిలో నలుగురికి ఒక టీచర్ ఉంటారు, మీ మనసు కుదుటపడుతుంది. కానీ పాప ఆ గదిలో ఉండేది కొద్ది వారాలే. ఏడు నెలలు తిరిగేసరికి తొమ్మిది మందికి ఒక టీచర్ ఉన్న గదిలోకి మారవచ్చు, అదీ చట్టబద్ధంగానే. కాబట్టి సెంటర్ చూడడానికి టూర్‌కు వెళ్ళినప్పుడు ఇన్‌ఫెంట్ గది (ఏడాది లోపు పిల్లల గది) ఒక్కటే చూసి వచ్చేయకండి. పద్దెనిమిది నెలల పిల్లల గది చూపించమని, అందులో వాళ్ళు నిజంగా పాటించే లెక్క ఎంతో చెప్పమని అడగండి. చట్టం కంటే తక్కువమందిని పెట్టుకునే సెంటర్లు ఉన్నాయి, ఆ మాట గర్వంగానే చెబుతారు.

సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటల మధ్య వెళ్ళండి. ఉదయం పదింటికి ఏ సెంటరైనా ముచ్చటగా ఉంటుంది. సాయంత్రానికి కొందరు టీచర్లు ఇళ్ళకు వెళ్ళిపోతారు, రెండు మూడు గదుల పిల్లలను ఒకచోటికి చేరుస్తారు, పిల్లలు అలిసి ఉంటారు. అప్పుడు ఎవరైనా నేలమీద పిల్లల మధ్య కూర్చుని ఉన్నారా, అందరూ నిలబడి గడియారం చూస్తున్నారా అన్నది కనబడుతుంది. వీలైతే డైపర్ మార్చే బల్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడండి. "ఇదిగో, కాళ్ళు పైకెత్తుతున్నాను, చల్లగా ఉందా" అని బిడ్డతో మాట్లాడుతూ మార్చే టీచర్ ఉన్నచోట నేనైతే ఇంకేమీ అడగకుండా పేరు రాయించేదాన్ని. క్రిబ్‌లో (పిల్లలను పడుకోబెట్టే కటకటాల మంచంలో) దుప్పటి, దిండు, బొమ్మ ఏవీ ఉండకూడదు, బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. నిద్రలో జరిగే శిశుమరణాలను నివారించడానికి పెట్టిన నియమమిది. అదే కారణంగా దిష్టిపూసలు, మెడలో గొలుసు, మొలతాడు తీసేయమంటారు. నొచ్చుకోకండి, ఆ విషయంలో వాళ్ళదే సబబు.

సీట్లు ఎందుకు దొరకవు, ఎందుకింత ఖరీదు అంటే, రెంటికీ కారణం ఒక్కటే. 2018 ఆదాయాల, ధరల లెక్కలతో కార్మికశాఖ చేసిన అధ్యయనంలో, పెద్ద జనాభా ఉన్న కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) చంటిపిల్లల సెంటర్ ఫీజు మధ్యస్థంగా ఏడాదికి 15,417 డాలర్లని తేలింది. ఇప్పుడు ఇంకా ఎక్కువ. అంత కడుతున్నా టీచర్లకు ముట్టేది తక్కువే, 2023లో దేశవ్యాప్తంగా వాళ్ళ మధ్యస్థ వేతనం గంటకు 14.60 డాలర్లు. నలుగురు పిల్లల ఫీజుతో ఒక టీచర్ జీతం, అద్దె, బీమా గడవాలి గనక ఇన్‌ఫెంట్ గదిలో సెంటర్‌కు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు, అందుకే ఆ గదులు తక్కువ పెడతారు. జీతం చాలక టీచర్లు దుకాణాల్లోనూ గిడ్డంగుల్లోనూ పనులకు వెళ్ళిపోతారు. 2021లో అమెరికా ఆర్థికశాఖ ఈ రంగం మీద నివేదిక విడుదల చేసినప్పుడు, ఇది విఫలమైన మార్కెట్‌కు పాఠ్యపుస్తకాల్లో చెప్పుకోదగ్గ ఉదాహరణ అని నాటి మంత్రి జానెట్ యెలెన్ అన్నారు. మనం దాన్ని సరిచేయలేము, కానీ అది మనకు ఒక ప్రశ్న నేర్పుతుంది. డైరెక్టర్‌ను "మీ కరిక్యులం ఏమిటి" అని కాక, "ఈ గదిలో టీచర్లు ఇద్దరూ ఇక్కడ ఎన్నాళ్ళుగా ఉన్నారు, పోయిన ఏడాది ఎంతమంది మానేశారు" అని అడగండి. చంటిబిడ్డకు కావలసింది రోజూ అదే ముఖం, అదే గొంతు. కెమెరా వల్ల మీకు ఊరట దొరుకుతుంది, బిడ్డకు టీచర్ దొరకదు.

తనిఖీల సంగతి. 2014లో చేసిన కేంద్ర చట్టం వల్ల, ప్రభుత్వ సాయం పొందే పిల్లలను చేర్చుకునే సెంటర్లను ఏటా ఒక్కసారైనా చెప్పకుండా తనిఖీ చేయాలి, ఫలితాలను ఆన్‌లైన్‌లో పెట్టాలి. టెక్సస్ ఆరోగ్యశాఖ వెబ్‌సైటులో సెంటర్ పేరు కొడితే ఏ తేదీన ఏ లోపం దొరికిందో, అది ఎంత తీవ్రమైనదో కనబడుతుంది. ఒక్క లోపమూ లేని సెంటర్ కోసం వెతకకండి. కాగితం సంతకం లేకపోవడం ఒక రకం, పిల్లలను ఎవరూ చూడకుండా వదిలేయడం ఇంకో రకం. రెండోది ఒక్కసారి కనబడినా, చంటిపిల్లల విషయంలో మరీ ముఖ్యంగా, ఆ సెంటర్‌ను వదిలేయండి.

మీ అపార్ట్‌మెంట్లలో ఉన్న ఆవిడ గురించి జాగ్రత్తగా చెబుతాను. తెలుగు మాట, పప్పన్నం, ముగ్గురే పిల్లలు ఉన్న ఇల్లు చాలా సెంటర్ల కంటే మెరుగ్గా ఉండవచ్చు, అలాంటివి చూశాను. కానీ టెక్సస్‌లో డబ్బు తీసుకుని బయటి పిల్లలను క్రమంగా చూసుకునేవారు ముగ్గురి లోపైనా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి, నేర పరిశీలన జరగాలి. అలా నమోదైన చిన్న ఇళ్ళకు కూడా, ఫిర్యాదు వస్తే తప్ప, క్రమం తప్పని తనిఖీలు ఉండవు. ఆరుగురి దాకా చూసుకునే రిజిస్టర్డ్ హోమ్‌కైతే తనిఖీలుంటాయి. ఇంకొకటి, ఆవిడ హెచ్-4 (హెచ్-1 వీసా మీద పనిచేసేవారి భార్యకు ఇచ్చే వీసా) మీద ఉండి పని అనుమతి లేకపోతే, మీరిచ్చే డబ్బు ఆవిడ వీసాకే ముప్పు. అవసరంలో ఉన్న ఆవిడను అలాంటి చిక్కులో పడేయడం మనకు తగదు. నమోదు కాగితం చూపించమని మర్యాదగా అడగండి, చూపిస్తే ఒక పూట అక్కడ కూర్చుని చూడండి.

జవాబు (ఫ్రిస్కో నుంచి ఒక సభ్యుడు)

అక్కగారు చెప్పినవాటికి పన్నుల సంగతి కలుపుతాను. చెల్లెమ్మా, మీ కంపెనీలో డిపెండెంట్ కేర్ ఎఫ్‌ఎస్‌ఏ (పిల్లల సంరక్షణ ఖర్చుకు జీతంలోంచి పన్ను పడకుండా పక్కన పెట్టుకునే ఖాతా) ఉందేమో చేరిన రోజే అడగండి. కొత్తగా చేరినవాళ్ళకు సాధారణంగా కొద్ది వారాలే గడువు ఇస్తారు, అది దాటితే మరుసటి ఏడాదిదాకా ఆగాలి. కుటుంబానికి 5,000 డాలర్లుగా ఉన్న పరిమితి 2026 నుంచి 7,500 అయింది. ఆ మేరకు జీతం మీద పన్ను పడదు. అది లేకపోతే పన్ను దాఖలులో చైల్డ్ కేర్ క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో తగ్గింపు) ఉంది, ఒక బిడ్డకైతే 3,000 డాలర్ల ఖర్చు వరకే లెక్కలోకి వస్తుంది. ఒకే ఖర్చును రెండుచోట్లా చూపకూడదు. రెంటికీ భార్యాభర్తలిద్దరికీ సంపాదన ఉండాలి, లేదా ఒకరు పూర్తికాలం చదువుతూ ఉండాలి. క్రెడిట్ కోసం సెంటర్ పన్ను గుర్తింపు సంఖ్య రాయాలి, నగదు తీసుకుని నంబరు ఇవ్వనివారితో ఇదే చిక్కు. పాప ఇండియాలో పుట్టింది గనక సోషల్ సెక్యూరిటీ నంబరు రాదు, ఐటీఐఎన్‌కు (ఆ నంబరు రానివారికి పన్నులశాఖ ఇచ్చే గుర్తింపు సంఖ్యకు) దరఖాస్తు పెట్టాలి. వచ్చిన ఏడాది పన్ను హోదా అందరికీ ఒకేలా ఉండదు, ఆ ఒక్క ఏడాదికీ పన్ను లెక్కలు తెలిసినవారి చేత వేయించుకోండి.

పాప టీకాల పుస్తకం దగ్గర పెట్టుకుని ఇప్పుడే పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. డేకేర్‌లో చేరాలంటే ఇక్కడి పట్టిక ప్రకారం రికార్డు కావాలి, ఏవైనా మిగిలితే వేయించడానికి వ్యవధి పడుతుంది.

ప్రశ్న (ఇర్వింగ్ నుంచి)

అక్కా, అన్నా, ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. సాయంత్రం పూట మూడు చోట్లకు వెళ్ళి వచ్చాము. ఒకచోట టీచర్లు ఇద్దరూ చాలాకాలంగా ఉన్నవాళ్ళే, పద్దెనిమిది నెలల గదిలో కూడా ఆరుగురికి ఒకరిని పెడుతున్నారు. కానీ సీటు నేను ఉద్యోగంలో చేరిన రెండు నెలల తరువాతే ఖాళీ అవుతుందట, డిపాజిట్ కట్టమంటున్నారు. వెంటనే సీటు ఉన్న ఇంకో సెంటర్ మా ఇంటికి దగ్గర, కానీ అక్కడ ఇన్‌ఫెంట్ టీచర్ కొత్తగా వచ్చారు. ఏది ఎంచుకోమంటారు?

జవాబు (ప్లేనో నుంచి)

మొదటిదే, అమ్మా. డిపాజిట్ ఇచ్చే ముందు, చెప్పిన తేదీకి సీటు ఖాళీ కాకపోతే డబ్బు తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోండి, పద్దెనిమిది నెలల గదిలో ఆరుగురే అన్న మాట కూడా ఆ ఈమెయిల్‌లోనే అడగండి. మధ్యలో రెండు నెలలకోసం పాపను ఒక చోట అలవాటు చేసి మళ్ళీ ఇంకోచోటికి మార్చవద్దు. తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర దాకా పిల్లలకు కొత్తముఖాల బెదురు ఎక్కువగా ఉండే వయసు. మీ అమ్మగారి టికెట్ ఇప్పుడు కాక, మీరు ఉద్యోగంలో చేరడానికి వారం ముందు పడేలా తీసుకోండి. సీటు వచ్చాక కూడా ఆవిడ ఇంకో మూడు నాలుగు వారాలు ఇక్కడే ఉండేలా చూడండి. మొదటి వారం పాపను గంట, రెండు గంటలు మాత్రమే వదిలి, అమ్మగారు వెళ్ళి తెచ్చుకుంటే సరిపోతుంది. చేరిన తొలి నెలల్లో జలుబు, జ్వరం తరచూ వస్తాయి. జ్వరం తగ్గి, మందు వేయకుండా 24 గంటలు గడిచేదాకా సెంటర్‌వాళ్ళు రానివ్వరు. ఆ రోజుల్లో ఇంట్లో అమ్మమ్మ ఉంటే, కొత్త ఉద్యోగంలో మీరు సెలవులు అడగనక్కర్లేదు.