‘ఇల యొకింతైన’ తరువాత గుంటా, కుంటా?

పాలమూరు నుంచి:
హంపీ రాచప్రాంగణంలో మెట్లకోనేటికి నీరు తెచ్చిన రాతికాల్వ ఫొటో కింద శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద రాజనీతిలోని తేటగీతి పద్యం పెట్టాలనుకున్నాను. ‘దేశవైశాల్య మర్థసిద్ధికిని మూల / మిల యొకింతైన గుంటకాల్వలు...’ (సంపదకు దేశ విస్తీర్ణం మూలం, నేల కొంచెమే అయినా...) వరకు నోటికి వచ్చింది. తరువాతి మాట ‘త్రవ్వి’యా, ‘రచించి’యా? నిలువురాళ్ల మీద తొట్టెల్లా తొలిచిన రాళ్లను వరుసగా పేర్చిన కాల్వకు ‘త్రవ్వి’ పొసగదు కదా.

గద్వాల నుంచి:
‘రచించి’యే. ‘ల్వలు’ పక్కన లఘువు పడితేనే అక్కడ రావలసిన సూర్యగణం (మూడు లఘువులు) కుదురుతుంది. ‘త్రవ్వి’ గురువుతో మొదలవుతుంది. ఆ పాదంలో ఉన్నది ప్రాసయతి (యతిస్థానాల్లో రెండో అక్షరాలు కలవడం: మిల–ల్వలు) అని కూడా గమనించగలరు. అయితే మీరు ‘గుంట’ ముందరి అరసున్నను మింగేశారు. ‘ఒకింతైనఁ గుంట’ అన్నది సరళాదేశం (‘క’ ‘గ’గా మారడం), అసలు మాట కుంట, అంటే చిన్న చెరువు. అరసున్న పోతే, నలభైకి ఎకరమయ్యే గుంటను తలచుకొని ‘నేల గుంటెడే అయినా’ అని అర్థం చెప్పేవారు మన వైపు తప్పక బయలుదేరుతారు.

నల్లగొండ నుంచి:
ఆ అర్థం చెప్పేవారిలో నేనూ ఒకడిని. సరదాకు కాదు, ‘ఇల యొకింతైన’ పక్కన అది చక్కగా అతుకుతుంది. కుంట అనే ఒప్పుకున్నా, రాయలు చెరువనో సముద్రమనో ఎందుకు అనలేదు? మా పానగల్లులో కందూరు చోడులు కట్టించిన చెరువు ఉదయసముద్రం, వనపర్తి సంస్థానంలోని చెరువులు సప్తసముద్రాలు. పాలకులు తమ పేర్లు పెట్టుకొనేటప్పుడు సముద్రాలు కనిపిస్తాయి, చిన్న దేశానికి నీతి చెప్పేటప్పుడు కుంట చాలుతుంది. అదే ఆశ్వాసంలో అంతటి వర్షవర్ణన చేసిన కవికి నీటి కొలత తెలియదనగలమా?

వనపర్తి నుంచి:
నా దృష్టిలో ఈ పద్యానికి ప్రాణం ‘రచించి’లో ఉంది. ఆ మెట్లకోనేటి రాళ్ల మీద ఏ రాయి ఏ వైపున, ఏ వరుసలో కూర్చోవాలో తెలిపే గుర్తులు చెక్కి ఉన్నాయి. అంటే పదాలను కూర్చినట్టే రాళ్లనూ కూర్చారు. రాజూ కవీ ఒకడే అయినచోట ఆ క్రియ ఊరకే పడిందనుకోను.

గద్వాల నుంచి:
ఆ గుర్తులు కోనేటివి, కాల్వవి కావు. పైగా ‘ఘటించి’ అన్నా గణాలు కుదురుతాయి గనుక ‘రచించి’ కవి ఎంపికేనని ఒప్పుకుంటాను. కానీ రాతికాల్వ నగరంలోని కోనేటికి నీరిచ్చేది, పద్యంలోని కాల్వ పొలానికి పారేది. హంపీ వారసత్వమంటే అందరూ ఆ రాతి వరుసనే ఫొటో తీస్తారు. విజయనగర కాలం నుంచి నేటికీ పొలాలు తడుపుతున్న తుర్తుకాల్వ పక్కనే పారుతున్నా, దానిని చూసేవారు తక్కువ. 1986లో హంపీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన తరువాత కూడా పరిస్థితి ఇంతే.

నల్లగొండ నుంచి:
పొలం మాట వచ్చింది గనుక మూడో పాదం చూడండి: ‘నయము పేదకు నరిఁ గోరునను నొసంగి.’ అరి అంటే పన్ను, కోరు అంటే పంటలో పాలు, నయము అంటే వెసులుబాటు. రాయలు నాగలాపురం దగ్గర, అంటే నేటి హోస్పేట దగ్గర, పెద్ద చెరువు కట్టించి, దాని నీరు పారే భూములను బాగుచేసుకోవడానికి జనానికి తొమ్మిదేళ్లు పన్ను లేకుండా ఇచ్చాడని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. పద్యంలోని ‘నయము’ అదే. ‘పేద’ రైతా, నిరుపేద ఎవరైనానా అన్నదే నాకు సందేహం.

వనపర్తి నుంచి:
రైతే. పంటలో పాలు ఇవ్వవలసినవాడు ఇంకెవడు?

గద్వాల నుంచి:
కోరుకు రైతు సరే, అరి రైతు ఒక్కడే కట్టడు గదా! పాలమూరు వారికి ఒక్క మాట: రెండు పాదాలతో ఆపితే ‘రచించి’ దగ్గరే వాక్యం తెగి, ఫొటో చూసేవారు సమాపక క్రియ కోసం వేచి ఉంటారు. ‘ప్రబలఁ జేసిన నర్థధర్మములు పెరుఁగు’ దాకా, అరసున్నలతో సహా, నాలుగు పాదాలూ పెట్టండి.

పాలమూరు నుంచి:
పెడతాను. గుంటా, కుంటా అన్నది మాత్రం మీ ఇద్దరూ తేల్చలేదు.