డబ్బిచ్చి తెచ్చుకున్న ప్లేయర్లా, కలిసి ఎదిగిన జట్టా?

కొలంబియా_నుంచి:
అమెరికా కాలేజీ విమెన్స్ బాస్కెట్‌బాల్ చూసేవాళ్లని అడుగుతున్నా. 2021 జూలై నుంచి ప్లేయర్లు ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. 2025 జూలై నుంచి కాలేజీలే నేరుగా ఇవ్వొచ్చు, అన్ని ఆటలకూ కలిపి తొలి ఏడాది పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పైగా ఎన్నిసార్లు కాలేజీ మారినా ఏడాదిపాటు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఇంత జరిగినా గెలిపించేది టీమ్ కల్చరే అని నా వాదన.

2024లో మా సౌత్ కరోలినా యూనివర్సిటీనే చూడండి. అంతకుముందు ఏడాది స్టార్టర్లు, అంటే మ్యాచ్ మొదలుపెట్టే ఐదుగురూ వెళ్లిపోయారు. అయినా మా కోచ్ డాన్ స్టేలీ జట్టు 38 ఆడి 38 గెలిచింది. అయోవాతో జాతీయ ఫైనల్లో వాళ్ల స్టార్ కైట్లిన్ క్లార్క్ మొదటి క్వార్టర్లోనే 18 పాయింట్లు కొట్టేసరికి మా ఇంట్లో ఎవరికీ మాట లేదు. హాఫ్‌టైమ్ ముందు మా రావెన్ జాన్సన్ మిడ్‌కోర్ట్ దగ్గర క్లార్క్ చేతిలోంచే బంతి లాక్కుని వెళ్లి బుట్టలో వేసింది. 2023 సెమీఫైనల్లో జాన్సన్ త్రీ పాయింట్ లైన్ దగ్గర బంతితో నిలబడితే, వేసుకో అన్నట్టు చెయ్యి విదిలించి వదిలేసింది ఈ క్లార్కే. ఆ వీడియో దేశమంతా తిరిగింది. అంత అవమానం తర్వాత కూడా ఆ పిల్ల జట్టు మారలేదు, షాట్ మెరుగుపరుచుకుని అదే జెర్సీలో వచ్చింది. ఆ ఫైనల్లో మా బెంచ్ (మధ్యలో దిగిన ప్లేయర్లు) స్కోరు 37, అయోవా బెంచ్‌ది సున్నా. ఆ 37 పాయింట్లు చెక్కు రాస్తే వచ్చేవి కావు.

ఫోర్ట్‌వర్త్_తల్లి:
అదే జట్టులో కార్డోసో సిరక్యూస్ కాలేజీ నుంచి వచ్చింది, పావ్‌పావ్ ఒరెగాన్ కాలేజీ నుంచి వచ్చింది. వాళ్లని లెక్కలోంచి ఎందుకు తీసేశారండీ?

మా ఊరి టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) సంగతి చెప్తాను. 2024 జనవరిలో గాయాలతో జట్టు సగమైంది. రెండు మ్యాచ్‌లు ఆడకుండానే వదులుకున్నారు. ఓపెన్ ట్రైఅవుట్స్ పెట్టి క్యాంపస్‌లో చదువుకునే అమ్మాయిలను తీసుకున్నారు, అందులో ఒకమ్మాయి వాలీబాల్ ప్లేయర్. మరుసటి సీజన్‌కి హేలీ వాన్ లిత్ వచ్చింది. లూయివిల్, ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్) అయ్యాక ఆమెకిది మూడో కాలేజీ. ఆ సీజన్‌లోనే మా కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) బిగ్ 12 టైటిల్, చరిత్రలో తొలిసారి ఎలైట్ ఎయిట్, అంటే జాతీయ టోర్నమెంట్‌లో చివరి ఎనిమిది జట్లలో చోటు. ట్రాన్స్‌ఫర్లు లేకపోతే మాలాంటి కాలేజీలు ఎప్పటికీ ప్రేక్షకులే.

చూస్తూ_నేర్చుకుంటున్నా:
కల్చర్ పేరు చెప్పి ఆడపిల్లల డబ్బు సంగతి ఎన్నాళ్లు దాటేశారో కూడా చూడాలి. జాతీయ టోర్నమెంట్‌లో ఆడిన మ్యాచ్‌లని బట్టి పురుషుల జట్ల కాన్ఫరెన్స్‌లకి 1991 నుంచీ వాటా వస్తోంది. మహిళలకి మొదలైంది 2025లో! 2024లో మహిళల ఫైనల్ చూసినవాళ్లు దాదాపు 1.9 కోట్ల మంది, పురుషులది 1.5 కోట్లకు తక్కువే. ఇంకో మాట, ఆ 37 పాయింట్ల బెంచ్‌లో ఉన్న ఫుల్‌వైలీ 2025లో ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయింది కదా.

కొలంబియా_నుంచి:
వెళ్లింది, నాకు చాలా బాధేసింది. కానీ ఆమెను తప్పుపట్టను, ఎక్కువసేపు ఆడాలని ఎవరికుండదు? డబ్బు వద్దని నేనెక్కడా అనలేదు. 2025 ఫైనల్లో మమ్మల్ని 82-59తో ఓడించిన యూకాన్‌ (కనెక్టికట్ యూనివర్సిటీ)లో పేజ్ బెకర్స్‌కి నైకీ, గాటరేడ్ ఒప్పందాలుండేవి. మోకాలి గాయంతో ఒక సీజన్ మొత్తం పోయినా ఆమె జట్టు మారకుండా అక్కడే ఆడింది. ఆమె సహచరి ఫడ్ కూడా అంతే. డబ్బూ ఉంది, ఉండిపోవాలన్న మనసూ ఉంది. ఆ మనసు కోచ్ ఏళ్ల తరబడి సంపాదించుకోవాలి.

నా భయం వేరే. కోచ్‌లు ప్రతి వేసవిలో తయారైన ప్లేయర్ల కోసమే పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్ల జాబితా) వెతుకుతుంటే, హైస్కూల్ నుంచి వచ్చే పదిహేడేళ్ల పిల్లకి స్కాలర్‌షిప్ ఎవరిస్తారు? రెండేళ్లు బెంచ్ మీద పెట్టి నేర్పే ఓపిక ఎవరికుంటుంది? ఫోర్ట్‌వర్త్ గారూ, మీ టీసీయూ దీనికేం చేస్తోందో చెప్పండి.